మట్టం

వరద లాగేశాక
కొన్న అలమర ఒళ్ళు చూశాను.
పొట్టుని జిగురుతో అదిమి
పైన టేకు బొమ్మ అంటించిన చెక్క,
టీలో మరిచిపోయిన రస్కులా ఉబ్బింది.
తలుపు పట్టుకుంటే తలుపే చేతిలోకొచ్చింది.

బ్రహ్మాజీ గారింటికి వెళితే
"మాఘం దాకా చేతులు ఖాళీ లేవమ్మా,
లంకల్లో అందరి తలుపులూ ఒక్కసారే చచ్చిపోయాయి" అన్నాడు.
అని, కాసేపు నా వేళ్ళకేసి చూసి
ఇనప మూలమట్టం ఒకటి తెచ్చిచ్చాడు.
"జాకెట్లు కుడతావు కదా. ఆయ్, ఇదీ కుట్టు."

ఇరవై రెండేళ్ళుగా గుడ్డ కోస్తున్నదాన్ని.
గుడ్డ మంచిది, మన తప్పుని లోపలికి మడుచుకుంటుంది.
చెక్కకి లోమడత లేదు.
రంపం పళ్ళు కూడా తమ వాటా తినేస్తాయని
మొదటి అర పొట్టిదయ్యాకే తెలిసింది.
"రెండు నూళ్ళు తక్కువ" అన్నాడాయన, సైకిలు దిగకుండానే.
నూలంటే నాకు సూదిలోకి ఎక్కేది.
ఆయనకి అంగుళంలో ఎనిమిదో వంతు.
ఇన్నేళ్ళూ ఒకే మాటని
చెరో కొసా పట్టుకుని బతికాం.

గన్నవరం అడితిలో టేకు ధర అడిగి
మళ్ళీ చెప్పులేసుకున్నాను.
"నిద్రగన్నేరుంది, తీసుకుంటారా" అన్నాడు మిల్లు కుర్రాడు వెనకనుంచి.
నిరుటి గాలివానకి కాలవగట్టున పడ్డ చెట్టే.
అంచులు మీగడ రంగు, నడుమ చేవ పాతబెల్లం రంగు.
దాని కింద బస్సు కోసం నిలబడేదాన్ని.
బస్సు రాకముందే ఆకులు ముడుచుకునేది.
ఇప్పుడు చిత్రిక నోట్లోంచి
రిబ్బన్లు రిబ్బన్లుగా వస్తోంది,
జడలు వేసుకోవచ్చు.

బొటనవేలి గోరు నల్లబడి ఊడింది.
గృహప్రవేశం జాకెట్టు చంకలో రంపంపొట్టు దొరికిందని
సుభద్ర టీచరు గొడవ పెట్టుకుంది.
అరగంట దులిపిచ్చాను.

తగిలించే రోజు
నేలనుంచి కొలిస్తే ఎడమకి వంగింది.
కప్పునుంచి కొలిస్తే కుడికి.
గుమ్మాన్ని చూసి కొలిస్తే, ఆ సంగతి వదిలేయండి.
నల్లమట్టిలో ఇల్లు ఏటా కాస్త కూర్చుంటుంది.
మాకు తెలీదు, మేమూ దాంతోపాటే కూర్చుంటాం.
రసమట్టం లేదు. అరువడుగుదామంటే
ఆయన రాజోలు పనిమీదున్నాడు.

అప్పుడు చూశాను గోడ.
మోకాలికి బెత్తెడు పైన,
గది నాలుగు వైపులా ఎక్కడా తెగకుండా
ఒండ్రు రంగు గీత.
ఆరు రోజులు గోదారి మా ఇంట్లో నిలబడి
తొణక్కుండా గీసింది.
మా ఆయన గంగాధరం
సున్నం బకెట్టూ కుంచే పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు.
"ఆగు" అన్నాను.
"ఇంట్లో సరిగ్గా ఉన్నది అదొక్కటే."

గీతనుంచి పైకి మూడు జానలు.
ఈ కొస, ఆ కొస, మధ్యన ఒకటి,
జాకెట్లకి పెట్టే సుద్దతోనే చుక్కలు.
సామాను ముంచినదాని మాట నమ్మి
మళ్ళీ సామాను ఎక్కిస్తున్నాను.
బయట చెబితే నవ్వుతారు.
గంగాధరం నవ్వలేదు, అలమర కింద భుజం పెట్టాడు.
సున్నం మర్నాడు వేశాం.

మాఘంలో వచ్చాడు బ్రహ్మాజీ గారు.
తలుపు తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు.
బందు దగ్గర గోరుతో గీకాడు.
"శ్రావణంలో పట్టేస్తుంది. కంగారుపడి చిత్రిక పట్టకు.
తేమ తాగుతుంది, మళ్ళీ వదిలేస్తుంది."
మెచ్చుకున్నట్టో కాదో తెలీలేదు.
మూలమట్టం తిరిగిస్తే మాత్రం
వినబడనట్టు సైకిలెక్కాడు.

పళ్ళేలు కొలిచాను, పప్పుల డబ్బాలు కొలిచాను,
ఆవకాయ జాడీ కూడా కొలిచాను.
మూత పెట్టి కొలవలేదు.
రెండు నూళ్ళు.
అది బయటే ఉంటోంది, అలమర నెత్తిమీద,
ఈసారి నీళ్ళొస్తే
మా అందరికంటే ఎత్తున.